మేత ముందు ఎవరికి?

 

ఆవుకు గడ్డి అరిగించుకునే శక్తి లేదు. ఈ మాట వింటే నమ్మబుద్ధి కాదు. కానీ నిజం. గడ్డిలో, చొప్పలో, వరిగడ్డిలో ఎక్కువ భాగం సెల్యులోజ్ అనే పీచు పదార్థం. ఆ పీచును విడగొట్టే ఎంజైము ఆవు శరీరంలో తయారు కాదు. గేదెలో కాదు, గొర్రెలో కాదు, మేకలో కాదు, మనలోనూ కాదు. మరి ఎండు గడ్డి పరక తిన్న గేదె చిక్కటి పాలు ఎలా ఇస్తోంది? ఆ పరకను అరిగించేది గేదె కడుపులో కాపురం ఉన్న సూక్ష్మజీవులు. మనం గాటిలో వేసే మేత ముందు వాటికి చేరుతుంది. అవి తిన్నాక మిగిల్చింది, ఆ తరువాత అవి కూడా, గేదెకు ఆహారం అవుతాయి. పశుపోషణలో మనం చేసే మంచీ చెడూ చాలావరకు ఈ ఒక్క సంగతి తెలియడం మీద ఆధారపడి ఉందని, ఇన్నేళ్లు పశువుల మధ్య పనిచేసిన నాకు గట్టిగా అనిపిస్తుంది. అందుకే ఈ పూట ఈ విషయం ఎత్తుకున్నాను.

నెమరువేసే పశువు పొట్టలో నాలుగు అరలుంటాయని బడిలో చదువుకున్నాం. వాటిలో మొదటిది అన్నింటికన్నా పెద్దది. ఎడమ డొక్క అంతా ఆక్రమించుకుని ఉంటుంది. పశువైద్యులు దాన్ని రూమెన్ అంటారు. మనం పెద్ద పొట్ట అని చెప్పుకుందాం. బాగా ఎదిగిన ఆవులో అందులో వంద లీటర్లకు పైగా పడుతుంది. లోపల ఆక్సిజన్ దాదాపు ఉండదు. వేడి 39 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటుంది. మేత వస్తుంటుంది, నీళ్లు వస్తుంటాయి, నోటి నుంచి రోజుకు వంద లీటర్లకు పైగా లాలాజలం వచ్చి కలుస్తుంటుంది. ఆ ద్రవం ఒక్క మిల్లీలీటరు తీస్తే అందులో వెయ్యి కోట్ల దాకా బాక్టీరియా ఉంటాయి. ప్రోటోజోవా అనే కాస్త పెద్ద ఏకకణ జీవులు లక్షల్లో ఉంటాయి. పీచులోకి చొచ్చుకుపోయి దాన్ని వదులు చేసే శిలీంధ్రాలు కూడా ఉంటాయి. ఈ శిలీంధ్రాలను చాలాకాలం ఎవరూ గుర్తుపట్టలేదు. వాటి ఈదే బీజకణాలను చూసి అవీ ప్రోటోజోవాలే అనుకున్నారు. ఇంగ్లండులో కాలిన్ ఆర్పిన్ అనే శాస్త్రజ్ఞుడు 1975లో అవి శిలీంధ్రాలని తేల్చాడు. అప్పటిదాకా ఎప్పుడూ ఆక్సిజన్ లేని చోటే బతికే శిలీంధ్రం ఉంటుందని శాస్త్రలోకం ఒప్పుకోలేదు.

పశువైద్య కళాశాలలో చదివే రోజుల్లో పెద్ద పొట్టలోని ద్రవం ఒక చుక్క సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడటం మాకు ఒక పాఠం. గొట్టం వేసి తీసిన ద్రవం పచ్చగా, కొంచెం చిక్కగా, వెచ్చగా ఉంటుంది. పులుపు కలిసిన గడ్డి వాసన వేస్తుంది. చల్లారకముందే గాజు పలక మీద చుక్క వేసి, కన్ను ఆనించాలి. గుండ్రంగా, కోలగా, ఒళ్లంతా సన్నని నూగుతో ప్రోటోజోవాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ అటూ ఇటూ పరుగెడుతుంటాయి. కొన్నింటి కడుపులో మింగిన పిండి రేణువులు స్పష్టంగా కనిపిస్తాయి. పలక చల్లబడే కొద్దీ పరుగు మందగిస్తుంది, కొద్దిసేపట్లో ఆగిపోతుంది. తరువాత ఉద్యోగంలో చేరాక, మేత మానేసిన పశువు దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఆ చుక్కే నాకు దారి చూపించింది. ద్రవం బూడిద రంగుకు తిరిగి, ఘాటైన పుల్లటి వాసన వేస్తూ, ప్రోటోజోవాలు ఒక్కటి కూడా కదలకుండా ఉంటే, పశువు పైకి ఎలా కనిపిస్తున్నా లోపల పని ఆగిపోయిందన్నమాట.

ఇంతకీ ఆ పని ఏమిటి? దోసెల పిండి రాత్రికి పులిసినట్టే, పెద్ద పొట్టలో మేత పులుస్తుంది. ఇది రాత్రీ పగలూ ఆగకుండా సాగుతుంది. బాక్టీరియా పీచును చక్కెరలుగా విడగొడతాయి. ఆ చక్కెరను అవే తినేస్తాయి. ఆవుకు దాదాపు ఏమీ మిగల్చవు. మరి ఆవుకు ఏం లాభం అని మీరు అడగవచ్చు. ఇక్కడే ఈ పొత్తులోని గుట్టంతా ఉంది. చక్కెరలోని శక్తిని పూర్తిగా రాబట్టుకోవాలంటే ఆక్సిజన్ కావాలి. పెద్ద పొట్టలో ఆక్సిజన్ లేదు. కాబట్టి బాక్టీరియా చక్కెరను సగంలోనే వదిలేయాల్సి వస్తుంది. తాము బతకడానికి, పెరగడానికి కావలసిన కొద్ది శక్తి తీసుకుని, మిగతాది ఆమ్లాల రూపంలో బయటికి విడిచేస్తాయి. అవి అసిటిక్ ఆమ్లం, ప్రొపియోనిక్ ఆమ్లం, బ్యుటిరిక్ ఆమ్లం. చక్కెరలో ఉన్న శక్తిలో పెద్ద భాగం ఇంకా ఆ ఆమ్లాల్లోనే ఉంటుంది. ఆవు వాటిని పొట్ట గోడ గుండా రక్తంలోకి పీల్చుకుంటుంది. ఆవు ఊపిరి పీలుస్తుంది, దానికి ఆక్సిజన్‌కు కొదవ లేదు. బాక్టీరియా పూర్తిగా వాడుకోలేకపోయినదాన్ని ఆవు పూర్తిగా వాడుకుంటుంది. నెమరువేసే పశువుకు కావలసిన శక్తిలో నూటికి డెబ్బై వంతుల దాకా ఈ మూడు ఆమ్లాల నుంచే వస్తుంది. ఆవు ఆ ఆమ్లాలను ఎప్పటికప్పుడు తీసుకోకపోతే అవి పేరుకుపోయి బాక్టీరియాకే ప్రాణాంతకం అవుతాయి. ఒకరు వదిలించుకోవాల్సింది మరొకరికి తిండి కావడం వల్లే ఈ కాపురం కోట్ల ఏళ్లుగా నిలిచింది.

పాల కేంద్రానికి పాలు పోసేవాళ్లకు ఈ మూడు ఆమ్లాల సంగతి నేరుగా డబ్బుతో ముడిపడి ఉంది. పీచు ఎక్కువగా పులిస్తే అసిటిక్ ఆమ్లం ఎక్కువ వస్తుంది. పొదుగులో పాల వెన్న తయారయ్యేది ముఖ్యంగా దాని నుంచే. నూకలు, మొక్కజొన్న పిండి లాంటివి ఎక్కువగా పులిస్తే ప్రొపియోనిక్ ఆమ్లం వాటా పెరుగుతుంది. ఆవు కాలేయం దాన్ని గ్లూకోజుగా మారుస్తుంది, ఆ గ్లూకోజు నుంచి పొదుగులో పాలచక్కెర తయారవుతుంది. పాలు ఎన్ని లీటర్లు దిగుతాయన్నది చాలావరకు పాలచక్కెర మీద ఆధారపడి ఉంటుంది. మనం అన్నం తింటే గ్లూకోజు పేగు నుంచి నేరుగా రక్తంలోకి వస్తుంది. ఆవుకు అలా వచ్చేది బహు స్వల్పం. తనకు కావలసిన గ్లూకోజును దాదాపు అంతా కాలేయంలో తానే తయారు చేసుకోవాలి, అదీ సూక్ష్మజీవులు ఇచ్చిన ముడిసరుకుతో. అందుకే గడ్డి తగ్గించి దాణా దట్టిస్తే పాలు కొంచెం పెరిగినట్టు కనిపించి, వెన్న శాతం పడిపోతుంది. కేంద్రంలో రేటు తగ్గిందని బాధపడే రైతు ముందుగా గాటిలో గడ్డి ఎంత ఉందో చూసుకోవాలి.

శక్తి సంగతి అలా ఉంచి మాంసకృత్తుల సంగతి చూద్దాం. ఇది ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. వరిగడ్డిలో మాంసకృత్తులు చాలా తక్కువ. అయినా ఆ గడ్డి మీదే బతికే పశువు కండ పెంచుకుంటుంది, దూడను మోస్తుంది. సూక్ష్మజీవులు అమ్మోనియాను తీసుకుని దాన్నే మాంసకృత్తులుగా అల్లుకోగలవు. మనిషి శరీరం చేయలేని పని అది. ఫిన్లాండుకు చెందిన ఆర్తురి విర్తానెన్, 1945లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న ఆయన, దీన్ని చివరిదాకా పరీక్షించి చూశాడు. తన ఆవులకు మాంసకృత్తులు లేని మేత పెట్టాడు. శుద్ధి చేసిన సెల్యులోజ్, పిండి, చక్కెర, వాటితోపాటు నత్రజని కోసం యూరియా, అమ్మోనియం లవణాలు ఇచ్చాడు. ఆ ఆవులు బతికాయి, చూలు కట్టాయి, పాలిచ్చాయి. ఆ పాలలోని మాంసకృత్తులకు మూలం సూక్ష్మజీవులే. 1966లో ఆయన ఈ ఫలితాలను ప్రపంచం ముందు పెట్టాడు.

మన ఊళ్లలో వరిగడ్డిని యూరియాతో మాగబెట్టే పద్ధతి ఈ సూత్రం మీద నిలబడినదే. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను నీళ్లలో కరిగించి చల్లి, గాలి చొరకుండా కప్పి మూడు వారాలు ఉంచుతారు. ఆ లోపల పుట్టిన అమ్మోనియా గడ్డిని మెత్తబరుస్తుంది, పీచును వదులు చేస్తుంది, కొంత గడ్డిలోనే నిలిచి సూక్ష్మజీవులకు అందుతుంది. కొలత తప్పితే మాత్రం ఇదే ప్రాణం మీదికి వస్తుంది. యూరియా ఒక్కసారిగా కడుపులో పడితే బాక్టీరియా దాన్ని గబగబా అమ్మోనియాగా విడగొడతాయి. అల్లుకునే వేగం కన్నా విడగొట్టే వేగం ఎక్కువైపోతుంది, మిగిలిన అమ్మోనియా రక్తంలోకి ఎక్కి పశువు వణుకుతూ పడిపోతుంది. పొలానికి తెచ్చిన యూరియా బస్తా కొట్టంలో పెట్టకండి అని ఇంటింటికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడూ అదే చెబుతున్నాను.

పశువు తన వంతుగా చేసే ఏర్పాటు కూడా తక్కువది కాదు. మన శరీరంలో తయారైన యూరియా మూత్రంలో పోతుంది. మేతలో మాంసకృత్తులు తక్కువైనప్పుడు ఆవు ఆ యూరియాలో పెద్ద వాటాను పారబోయకుండా లాలాజలంతో, పొట్ట గోడ గుండా మళ్లీ సూక్ష్మజీవులకే పంపుతుంది. ఎండాకాలంలో గడ్డి పరకలు ఏరుకుని బతికే నాటు పశువుల ఓర్పు వెనక ఈ పొదుపు ఉంది. ఇక సూక్ష్మజీవులు పెరిగి పెరిగి, మేతతోపాటు కిందికి, నాలుగో అరలోకి జారతాయి. అక్కడ ఆమ్లం ఉంటుంది, బాక్టీరియా గోడలను చీల్చే లైసోజైమ్ అనే ఎంజైము ఉంటుంది. మన కన్నీళ్లలో క్రిములను చంపడానికి ఉండే ఎంజైము అదే జాతిది. ఆవు దాన్ని భోజనానికి వాడుకుంటుంది. ఆవుకు అందే మాంసకృత్తుల్లో సగానికి పైగా తన కడుపులో పెరిగిన ఈ సూక్ష్మజీవుల నుంచే రావడం మామూలు. ఆవును శాకాహారి అంటాం. దాని నాలుగో అర దాకా వెళ్లి చూస్తే కోటానుకోట్ల జీవుల్ని తిని బతికే ప్రాణి అది.

కోబాల్ట్ అనే లోహం పేరు విన్నారా? ఖనిజ లవణ మిశ్రమం పొట్లం మీద ఉంటుంది. ఆస్ట్రేలియాలో కొన్ని ప్రాంతాల్లో పచ్చిక నిండుగా ఉన్నా గొర్రెలు, పశువులు మేత ముట్టక, చిక్కి శల్యమై చచ్చిపోయేవి. ఆ నేలలో కోబాల్ట్ లేకపోవడమే కారణమని 1935లో అక్కడి శాస్త్రజ్ఞులు తేల్చారు. కొద్దిపాటి కోబాల్ట్ అందించగానే గొర్రెలు కోలుకున్నాయి. ఎందుకో తెలియడానికి 1948 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది బి12 విటమిన్‌ను వేరుచేసి చూస్తే దాని నడుమ కోబాల్ట్ కనిపించింది. బి12 తయారు చేయడం మొక్కలకు రాదు, జంతువులకు రాదు, కొన్ని సూక్ష్మజీవులకే వచ్చు. ప్రొపియోనిక్ ఆమ్లాన్ని గ్లూకోజుగా మార్చే దారిలో ఒక మెట్టు బి12 లేకుండా దాటలేరు. కోబాల్ట్ లేక పెద్ద పొట్టలో బి12 తయారు కాలేదు, బి12 లేక కాలేయంలో గ్లూకోజు తయారు కాలేదు, అందుకే కళ్ల ముందు పచ్చిక ఉన్నా గొర్రె ఆకలి చచ్చి కృశించింది. మాంసం, గుడ్లు ముట్టని మన ఇళ్లలో బి12 వచ్చేది ముఖ్యంగా పాలూ పెరుగూ ద్వారానే. ఆ బి12 కూడా పుట్టింది ఏదో ఒక గేదె పెద్ద పొట్టలోని బాక్టీరియాలోనే.

పులిసేటప్పుడు హైడ్రోజన్ వాయువు పుడుతుంది. అది పేరుకుంటే పులియడమే ఆగిపోతుంది. దాన్ని తిని మీథేన్‌గా మార్చే జీవులు వేరే ఉన్నాయి. ఆ మీథేన్ త్రేన్పుల రూపంలో బయటికి పోతుంది, వాతావరణం వేడెక్కడానికి కారణాల్లో ఒకటని దాని మీద ఇప్పుడు చాలా పరిశోధన జరుగుతోంది. ఆ కథ పెద్దది, మరో పూట చెప్పుకోవాలి.

ఇప్పుడు విషం సంగతికి వద్దాం. పెద్ద పొట్టలోని జీవులు మేతను పోషణగా మార్చినట్టే, కొన్నిసార్లు మేతను విషంగా మారుస్తాయి, కొన్నిసార్లు విషాన్ని మేతగా మారుస్తాయి. రెండూ మన పొలాల్లోనే ఉన్నాయి.

జొన్న నాము మన రైతులకు తాతముత్తాతల నాటి నుంచి తెలుసు. జొన్న కోసిన మోళ్ల నుంచి వచ్చిన లేత పిలకలు, వాన లేక బెట్టకు వాడిన పూతకు రాని పైరు తిన్న పశువు కొద్ది నిమిషాల్లోనే గిలగిల కొట్టుకుని పడిపోతుంది. ఆ లేత ఆకులో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. నములుతున్నప్పుడు ఆకులోని ఎంజైములు, ఆ తరువాత పెద్ద పొట్టలోని బాక్టీరియా దాన్ని విడగొడతాయి. వాటికి అందులో కావలసింది చక్కెర. చక్కెర ఊడితే మిగిలినదాంట్లోంచి సైనైడ్ బయటపడుతుంది. అది శరీరంలోని కణాలు ఆక్సిజన్ వాడుకోకుండా అడ్డుపడుతుంది. రక్తం నిండా ఆక్సిజన్ ఉంటుంది, రక్తం ఎర్రగా మెరుస్తూ ఉంటుంది, అయినా కణాలు ఊపిరాడక చస్తాయి. గుర్రం, పంది లాంటివాటి పొట్టలోని ఆమ్లం ఆ ఎంజైముల పనిని అణచివేస్తుంది కాబట్టి వాటికి ప్రమాదం తక్కువ. వరిగడ్డిని పాలుగా మార్చే సూక్ష్మజీవులే ఆవును ఈ విషానికి లోకువ చేశాయి. సకాలంలో వైద్యుడు అందితే సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ నరానికి ఇచ్చి చాలా పశువులను నిలబెట్టవచ్చు. నిమిషాలే గడువు కాబట్టి అసలు పూతకు రాని జొన్నలోకి పశువును తోలకపోవడమే మందు.

రెండోదానికి ఉదాహరణ సుబాబుల్. ఉమ్మడి కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో కాగితపు మిల్లుల కోసం వేల ఎకరాల్లో వేసిన చెట్టు ఇది. ఆకు మేకలకు ప్రీతి. మాంసకృత్తులు పుష్కలం. కానీ ఆకులో, గింజలో మైమోసిన్ అనే పదార్థం ఉంది. అది పెద్ద పొట్టలో డీహెచ్‌పీ అనే మరో పదార్థంగా మారి థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీస్తుంది. ఎక్కువగా తిన్న పశువుకు బొచ్చు రాలుతుంది, నోట చొంగ కారుతుంది, గొంతు కింద గ్రంథి ఉబ్బుతుంది, బరువు పెరగదు.

ఆస్ట్రేలియాలో రేమండ్ జోన్స్ అనే శాస్త్రజ్ఞుడు ఈ చెట్టు మీద పనిచేసేవాడు. ఆ చెట్టు పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. ఆస్ట్రేలియాలో ఆ మేత మీద పశువులు జబ్బుపడుతుంటే, హవాయి దీవుల్లో మేకలు అదే ఆకు కడుపునిండా తిని హాయిగా ఉన్నాయని జోన్స్ గమనించాడు. చెట్టు అదే, ఆకు అదే, మేకలూ మేకలే. తేడా ఎక్కడ? మేకలో కాక మేక కడుపులో ఉండాలని ఆయన ఊహించాడు. హవాయి మేకల పెద్ద పొట్టలో డీహెచ్‌పీని విడగొట్టే బాక్టీరియా ఉండి ఉండాలి, ఆస్ట్రేలియాకు ఆ బాక్టీరియా చేరి ఉండకపోవచ్చు. ఊహను పరీక్షించడానికి ఆయన బృందం హవాయి మేకల నుంచి తీసిన సూక్ష్మజీవుల్ని ఆస్ట్రేలియా తెచ్చి, అక్కడి మేకల, పశువుల పెద్ద పొట్టలోకి ఎక్కించింది. విషం ఆగిపోయింది. ఒక్కో పశువుకూ విడిగా ఎక్కించాల్సిన పని కూడా లేకపోయింది, ఒకే పచ్చికలో మేసే పశువుల్లో ఒకదాని నుంచి మరొకదానికి ఆ బాక్టీరియా తనంత తానే పాకింది. 1986లో ఈ విజయాన్ని ప్రకటించారు. తరువాత అమెరికాలో మిల్టన్ ఆలిసన్, ఆయన సహచరులు ఆ బాక్టీరియాను వేరుచేసి పెంచి, 1992లో దానికి సినర్జిస్టెస్ జోనెసియై అని పేరు పెట్టారు. జోన్స్ పేరు అందులో నిలిచిపోయింది. చిత్రమేమిటంటే ఈ బాక్టీరియా చక్కెరలు ముట్టదు. అర్జినిన్, హిస్టిడిన్ లాంటి అమైనో ఆమ్లాలు, ఈ డీహెచ్‌పీ, ఇవే దాని తిండి. ఆవుకు విషమైనది దానికి భోజనం.

నాకు ఈ కథ ఎన్నిసార్లు తలచుకున్నా తనివి తీరదు. ఒక పశువు ఏది తినగలదు, ఏది తినలేదు అన్నది దాని జాతి ఒక్కటే నిర్ణయించదని, దాని కడుపులో ఎవరున్నారన్నది కూడా నిర్ణయిస్తుందని ఇంత తేటగా చూపించిన పరిశోధన నాకు తెలిసి చాలా అరుదు. మన రైతులకు నేను చెప్పేది మాత్రం జాగ్రత్త మాటే. సుబాబుల్ ఆకు మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వకండి, మిగతాది వేరే గడ్డి కలపండి.

దూడ పుట్టినప్పుడు దాని పెద్ద పొట్ట పేరుకే ఉంటుంది. తాగిన పాలు దాన్ని తప్పించుకుని నేరుగా నాలుగో అరలోకి వెళతాయి. తల్లి నాకినప్పుడు, తోటి పశువుల మేతలో మూతి పెట్టినప్పుడు ఒక్కొక్క జీవీ లోపలికి చేరుతుంది. దూడ కొద్దికొద్దిగా దాణా, గడ్డి కొరకడం మొదలుపెట్టాక, అది పులిసి పుట్టే బ్యుటిరిక్ ఆమ్లమే పొట్ట లోపలి గోడను పెంచుతుంది. అతిథులు వచ్చి ఇల్లు కట్టుకున్నారన్నమాట. అందుకే రెండో వారం నుంచే దూడ ముందు గుప్పెడు దాణా, లేత గడ్డి పెట్టమంటాం.

ఇక చివరి సంగతి. నేను ఈ పూట మైకు ముందు కూర్చోవడానికి అసలు కారణం ఇదే.

పెళ్లిళ్లలో, అన్నదానాల్లో మిగిలిన అన్నం పారేయడం ఇష్టంలేక పశువుకు పెడతాం. పుట్టినరోజుకు గోశాలకు వెళ్లి గంపెడు అన్నం, బెల్లం, అరటిపళ్లు పెట్టి వస్తాం. ప్రేమతోనే పెడతాం. అంత అన్నం ఒక్కసారిగా పెద్ద పొట్టలో పడినప్పుడు ఏం జరుగుతుందో వినండి. గడ్డి నెమ్మదిగా పులుస్తుంది, ఉడికిన అన్నం గంటల్లో పులుస్తుంది. పిండి పదార్థం మీద విపరీతమైన వేగంతో పెరిగే బాక్టీరియా ఒకటి ఉంది, స్ట్రెప్టోకోకస్ బోవిస్ అంటారు. అది లాక్టిక్ ఆమ్లాన్ని విడుస్తుంది. పులుపు పెరిగే కొద్దీ తగ్గే కొలత పీహెచ్, మామూలుగా ఆరు, ఏడు మధ్య ఉండేది, అయిదుకు, ఇంకా కిందికి జారుతుంది. పీహెచ్ ఆరు దాటి కిందికి దిగితేనే పీచును అరిగించే బాక్టీరియా పని మానేస్తాయి. ప్రోటోజోవాలు చచ్చిపోతాయి. పులుపును తట్టుకునే లాక్టోబాసిల్లస్‌లు వచ్చి మరింత లాక్టిక్ ఆమ్లం నింపుతాయి. పొట్టలో చేరిన ఆమ్లం రక్తంలోంచి నీటిని లోపలికి లాగుతుంది. కడుపు నీళ్లతో నిండుతుంది, ఒళ్లు ఎండిపోతుంది.

అలా వచ్చిన ఒక గేదెను చూశాను. రెండో కాన్పు, పూటకు ఆరు లీటర్లు ఇచ్చే పశువు. ముందు రోజు సాయంత్రం పక్కింటి పెళ్లిలో మిగిలిన అన్నం రెండు గంపలు పెట్టారు. నేను వెళ్లేసరికి కళ్లు గుంటలు పడి, తల వాల్చి, పళ్లు కొరుకుతోంది. ఎడమ డొక్క మీద పిడికిలితో నొక్కితే లోపల నీళ్లు బళబళమన్నాయి. పేడ బూడిద రంగులో నీళ్లలా కారుతోంది, అందులో మెతుకులు అలాగే ఉన్నాయి. నెమరు లేదు. ఆ ఇంటావిడ గంగడోలు నిమురుతూ, మా తల్లికి కడుపునిండా పెట్టుకున్నానండీ డాక్టరుగారూ, తక్కువ చేయలేదు అని ఏడ్చింది. సెలైన్ ఎక్కించాం, వంటసోడా ద్రావణం తాగించాం, లోపలి పులిసిన ద్రవాన్ని గొట్టంతో తోడేశాం, వేరే ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న పశువు పెద్ద పొట్ట నుంచి ద్రవం తీసి దీనికి పోశాం. ఆ రాత్రి గడిచి, మర్నాడు మధ్యాహ్నానికి అది నెమరు వేసింది. పాలు మాత్రం మునుపటి కొలతకు ఆ ఈతలో మళ్లీ రాలేదు. అందరి పశువులకూ ఆ మాత్రం అదృష్టం కూడా ఉండదు. ఆలస్యమైతే రెండు మూడు రోజుల్లో పశువు చనిపోతుంది.

కాబట్టి పశువును ప్రేమించేవాళ్లందరికీ, పాడి ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ, చేతులు జోడించి అడుగుతున్నాను. కనుమ నాడు నోరు తీపి చేయడానికి పెట్టే పొంగలి ముద్ద వల్ల ఏమీ కాదు. గంపలకొద్దీ అన్నం, పులిహోర, బెల్లం మాత్రం పెట్టకండి. గోశాలకు వెళితే పచ్చిగడ్డి మోపు కొని పెట్టండి. మేత మార్చాల్సి వస్తే, అది ఎండు గడ్డి నుంచి పచ్చిగడ్డికైనా, కొత్త దాణాకైనా, రోజుకు కొంచెం చొప్పున రెండు వారాలు తీసుకోండి. కొత్త మేతకు తగిన సూక్ష్మజీవులు కడుపులో పెరగడానికి అంత సమయం పడుతుంది. పశువు గింజలు గానీ అన్నం గానీ తిన్న తరువాత నెమరు మానేసినా, తూలినా, పుల్లటి వాసనతో పారుకున్నా, తెల్లవారేదాకా ఆగకండి. దగ్గర్లోని పశువైద్యుణ్ణి పిలవండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య సేవల కోసం చేయాల్సిన ఫోన్ నంబరు 1962. ఆ నంబరును కొట్టం గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి.